అతుక్కుని వచ్చిన రెండో పుస్తకం

జూన్ 4, మంగళవారం

ఆసుపత్రిలో ఇచ్చిన పుస్తకానికి ఇంకో పుస్తకం అతుక్కుని వచ్చింది. కొత్తవి కదా, అట్టలు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఇంటికొచ్చి విడదీస్తే రెండు. ఒకటి వెనక్కి ఇచ్చేయాలి. వచ్చే నెల రెండో తారీకున మళ్ళీ వెళ్తాం, అప్పుడిస్తాను. ఈలోగా ఇందులో నాలుగు ముక్కలు రాసుకుంటాను. రాసేసిన పుస్తకం వెనక్కెలా ఇస్తానో తర్వాత ఆలోచించవచ్చు.

ఆరో తరగతితో బడి మానేశాక ఇన్ని ఖాళీ కాగితాలు నా చేతికి రావడం ఇదే.

మొదటి పుస్తకం మా ఆయన చెవి మిషన్ కోసం. రెండు చెవులకీ రెండు మిషన్లిచ్చారు. ఒక్కోటీ చిక్కుడు గింజంత ఉంది. చెవి వెనక పెట్టుకుంటే దాన్నుంచి సన్నటి గొట్టం లోపలికి వెళ్తుంది. చెవుల మేడమ్ రోజూ పుస్తకంలో రాయమందిట, ఎక్కడ వినబడింది, ఎక్కడ వినబడలేదు, ఎక్కడ ఇబ్బంది అయింది. నెల తర్వాత చూస్తుందిట. అంతా బాగుంటే ఇక ఏడాది దాకా రానక్కర్లేదు. బాగాలేకపోతే అప్పుడే మిషన్ సరిచేస్తుంది. తర్వాత మళ్ళీ వరస దొరకాలంటే ఏడాదే, ఆసుపత్రి మొత్తానికి ఆవిడ ఒక్కతే.

"అందిట", "చేస్తుందిట" అని ఎందుకు రాస్తున్నానంటే నేను లోపలికి వెళ్ళలేదు. గదిలో రెండే కుర్చీలు. ఒకటి ఆయనకి, ఒకటి అత్తయ్యకి. నేను వరండాలో బల్ల మీద కూర్చుని తలుపు అద్దంలోంచి చూశాను. మిషన్ పెట్టాక అత్తయ్య ఆయన్ని మెల్లగా పిలిచారు. జీవితంలో మొదటిసారి మెల్లగా. ఆయన తల తిప్పారు. అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టారు. మేడమ్ తల వంచుకుని ఏదో రాసుకుంటూ చెబుతూ ఉంది, ఆయన తల ఊపుతూ ఉన్నారు, అత్తయ్య ఏడుస్తూ ఉన్నారు.

ఆయన రాత కోడి కెలికినట్టుంటుందని రాసే పని నాకు పడింది.

బస్సులో నేను కూడా పిలిచాను. "ఏమండీ" అని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. బస్సు చప్పుడు మరి.

జూన్ 5, బుధవారం

పొద్దున్నే ఆయన వంటింట్లోకి వచ్చి నిలబడ్డారు. "ఈ టప్ టప్ ఏంటి?" అన్నారు.

కుళాయి. మూడు నెలల నుంచి కారుతోంది. నేను మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ "అలాగే" అన్నారు. ఇవాళ మిషన్ పెట్టుకుని పక్క గదిలోంచి దాని చప్పుడు విని వచ్చి, వాషర్ మార్చి, చేతులు తుడుచుకుని, "ఎన్నాళ్ళ నుంచి కారుతోంది ఇది? చెప్పొద్దూ?" అన్నారు.

"చెప్పానుగా" అన్నాను. అప్పటికే వెళ్ళిపోతున్నారు.

కుళాయి మాట వినబడింది. కుళాయికి ఉన్న అదృష్టం నాకు లేదు.

ఇలా రాయకూడదు. మిషన్ పెట్టి ఒక్క రోజే అయింది.

మొదటి పుస్తకంలో రాశాను: కుళాయి చప్పుడు వినబడింది. బాగుంది.

జూన్ 6, గురువారం

మిషన్ పుస్తకం: బాగుంది.

జూన్ 8, శనివారం

షాపు నుంచి వచ్చి మిషన్లు రెండూ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టారు. చెవుల్లోంచి కాదు, జేబులోంచి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

ఆయన పని ఇనప రేకులతో నీళ్ళ తొట్లు, డ్రమ్ములు చేయడం. పదహారో ఏట చేరారు. ఇంకా ముప్ఫై నిండలేదు, చెవులు మాత్రం తాతగారివి. ఆ సుత్తి దెబ్బలే చెవుల్ని తినేశాయని మేడమ్ అందిట. ఇప్పుడు మిషన్ పెట్టుకుని అక్కడ నిలబడితే ఒక్కో దెబ్బా పుర్రె లోపల పడుతోందిట.

"ఇంట్లో పెట్టుకోండి పోనీ" అన్నాను. వినలేదు. అత్తయ్య ఆయన వీపు మీద ఒక్కటి చరిచి, ఎదురుగా నిలబడి, "ఇంట్లో పెట్టుకోరా!" అన్నారు.

"ఇంట్లో గిన్నెలు, చీపురు, నీ చెప్పులు. అన్నీ వినబడతాయి. కావలసింది తప్ప."

కావలసింది ఏమిటో చెప్పలేదు. పడుకునే ముందు నా దగ్గరికి వచ్చి పుస్తకం చూపించి, "బాగుందని రాసెయ్. పాపం ఆవిడ ఎంత కష్టపడి పెట్టింది. బాగాలేదంటే నొచ్చుకుంటుంది" అన్నారు.

తన చెవులు పోయినా ఫరవాలేదు, చెవుల మేడమ్ మనసు మాత్రం నొచ్చుకోకూడదు.

రాశాను. బాగుంది.

జూన్ 9, ఆదివారం

అత్తయ్యా నేనూ బియ్యం ఏరుతూ కూర్చున్నాం. ఆయన కొట్టుకి వెళ్ళారు. అత్తయ్య ఉన్నట్టుండి, "నీకు ముందే చెప్పలేదని కోపమా పిల్లా?" అని అడిగారు. ఆవిడ రహస్యం అడిగినా వీధి చివరికి వినబడుతుంది.

నేను తల అడ్డంగా ఊపాను.

"చెబితే చేసుకునేదానివా?"

తెలియదు. నన్ను చూడ్డానికి వచ్చిన రోజు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరేం అడిగినా నవ్వి తల ఊపారు. ఎంత మర్యాదస్తుడో అని మా అమ్మ మురిసిపోయింది. ఆ రోజు మా అమ్మ నాకు చెప్పింది ఒకటే మాట: "నోరు తెరవకు, పన్ను కనబడుతుంది." నా ముందు పన్ను మీద ఇంకో పన్ను ఎక్కి ఉంది. నేనూ నోరు తెరవలేదు. నేనెంత అణకువగలదాన్నో అని అత్తయ్య మురిసిపోయారుట.

వాళ్ళు చెవులు దాచారు, మేము పన్ను దాచాం. సరికి సరి.

ఈ మాట అత్తయ్యతో అంటే బాగుండేది. అనలేదు. నవ్వొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"ఏంటే నవ్వుతావ్?"

"ఏం లేదత్తయ్యా. మీ మాట ఆయనకి ఎలా వినబడుతుందా అని."

"వాడికి చెవుల్లో కాదే, వీపులో వినబడుతుంది. ఒకటి వేసి చెప్పాలి. నువ్వేమో తలుపు వెనక నిలబడి తలుపుకి చెబుతావ్."

జూన్ 10, సోమవారం

బాగుంది.

జూన్ 13, గురువారం

ఆయన క్యారేజీ మర్చిపోయారు. అత్తయ్య నన్ను పంపించారు. షాపు లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు.

గేటు దగ్గరే చెవులు గింగిర్లెత్తాయి. ఆరుగురు మనుషులు రేకుల మీద కొడుతున్నారు. ఆ మోతలో కూడా వాళ్ళు మాట్లాడుకుంటున్నారు! ఎవరూ అరవడం లేదు. ఈ మూల నుంచి మేస్త్రీ ఏదో అన్నాడు, అంటే మూతి కదిలింది, అంతే. ఆ మూల నుంచి ఆయన జవాబు చెప్పారు, చెయ్యి ఊపుతూ, కనుబొమలు ఎగరేస్తూ. అందరూ నవ్వారు. ఆయన ఇంకేదో అన్నారు. ఒకాయన సుత్తి కింద పెట్టి మరీ నవ్వాడు.

నేను గేటు దగ్గరే ఉండిపోయాను. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడతాడు. అందులో ఆరు "అలాగే".

నన్ను చూడగానే వచ్చారు. మొహం ఎంత వెలిగిందో. "మర్చిపోయారు, చల్లారకముందే తినండి" అన్నాను. ఆ వెలుగు అక్కడే ఆగిపోయింది. తల ఊపి క్యారేజీ తీసుకున్నారు.

మేస్త్రీ నాతోబాటు గేటు బయటిదాకా వచ్చాడు. బట్టతల, పెద్ద మీసం. "అమ్మా, మీ ఆయన మా షాపుకి రేడియో. నోరు మూస్తే ఒట్టు" అన్నాడు.

"ఆయనకి వినబడదుగా" అన్నాను.

"ఇక్కడ ఎవడికి వినబడుతుందమ్మా! అందరం మూతులు చూసుకుని మాట్లాడుకునేవాళ్ళమే."

మూతులు చూసుకుని మాట్లాడుకోవడం ఏమిటో. సిగ్గు లేకుండా.

ఆ రేడియో ఇంటికొస్తే ఎందుకు పాడదు? నాతో మాట్లాడ్డం ఇష్టం లేక. అంతకంటే ఏముంటుంది.

జూన్ 14, శుక్రవారం

బాగుంది. బాగుంది. రెండు రోజులది ఒకేసారి రాశాను.

జూన్ 17, సోమవారం

అక్క ఫోన్ చేసింది. నా గొంతు వినగానే కనిపెట్టేసింది. "ఏడుస్తున్నావా?" అంది. లేదన్నాను. "అక్కడ గోడలతో మాట్లాడుకునే బదులు ఇక్కడికొచ్చి నా దగ్గర ఉండవే కొన్నాళ్ళు. ఇక్కడ కుట్టు పని కూడా ఉంది" అంది.

గోడలకి చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకే ఉన్నాయి.

పాపం, ఆయన మీద ఇలా రాయకూడదు. కొట్టరు, తిట్టరు. పెరుగులో మీగడంతా నాకే వేస్తారు. బజారు నుంచి వచ్చేటప్పుడు నేను అడగనిది ఏదో ఒకటి తెస్తారు. అడిగింది మాత్రం తేరు.

అక్కతో ఫోన్లో ఎంతసేపయినా మాట్లాడగలను. ఫోన్లో మొహం కనబడదు కాబట్టి. ఆరో తరగతిలో మాష్టారు నన్ను నిలబెట్టి పాఠం చదవమన్నారు. నేను బాగా చదువుతాను, తప్పుల్లేకుండా. రెండో వాక్యం దగ్గర ముందు బల్ల మీది పిల్ల తన పన్ను మీద వేలు పెట్టి నన్ను చూపించింది. తరగతి తరగతంతా నవ్వింది. మాష్టారు కూడా. నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని మిగతా పాఠం చదివాను. తర్వాత పుస్తకం పోయింది, చెయ్యి మిగిలింది.

ఇది అక్కకి కూడా చెప్పలేదు.

జూన్ 20, గురువారం

అడిగేశాను.

ఆయన అద్దం ముందు తల దువ్వుకుంటున్నారు. నేను వెనక నిలబడి, నోటికి చెయ్యి పెట్టుకుని, రెండు రోజుల నుంచి కూడబెట్టుకున్న మాట అన్నాను. "నేను మా అక్క దగ్గరికి వెళ్ళనా? కొన్నాళ్ళు ఉండి... తర్వాత చూద్దాం."

అద్దంలోంచి నన్ను చూశారు. కొంచెం నవ్వారు. "అలాగే" అన్నారు.

ఎందుకు అనలేదు. ఎన్నాళ్ళు అనలేదు.

వినబడలేదేమో అని ఒక్క క్షణం అనుకున్నాను. కానీ తల ఊపారుగా. తల ఊపారంటే వినబడినట్టేగా.

జూన్ 21, శుక్రవారం

అలాగే అన్నారు.

జూన్ 22, శనివారం

అత్తయ్యకి చెప్పాను. బియ్యం చాట కింద పెట్టేశారు. "వాడు సరే అన్నాడా?" అన్నారు. అలాగే అన్నారన్నాను. చాట మళ్ళీ తీసుకుని ఏరిన బియ్యమే ఏరారు. "రెండో తారీకున ఆసుపత్రికి వెళ్ళొచ్చాక వెళ్ళు. పుస్తకం నువ్వే రాశావుగా" అన్నారు చివరికి.

సరేనన్నాను. మూడో తారీకు పొద్దున బస్సు.

బాగుంది, బాగుంది, బాగుంది.

జూన్ 24, సోమవారం

సంచి కిందికి దించాను. పాతది, ఒక పిడి తెగి ఉంది. తాడు కడదామని మంచం పక్కన పెట్టి మర్చిపోయాను. సాయంత్రం చూస్తే సంచి లేదు.

ఆయన షాపుకి పట్టుకెళ్ళారుట. తిరిగి తెచ్చారు. తెగిన పిడికి తోలు ముక్క వేసి, రెండు పక్కలా రివెట్లు కొట్టి. రివెట్ల అంచులు చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో నున్నగా అరగదీశారు. వేలు పెట్టి చూశాను, గాజులా ఉన్నాయి. నా చేతికిచ్చి ఒక్క క్షణం నిలబడ్డారు. ఏదో అంటారనుకున్నాను. వెళ్ళిపోయారు.

పంపించడానికి ఎంత తొందరో.

ఇంత నున్నగా ఎందుకు అరగదీయాలి?

జూన్ 28, శుక్రవారం

మిషన్ పుస్తకం మొదటి నుంచి చదివాను. ఇరవై నాలుగు "బాగుంది"లు. నా అక్షరాలు గుండ్రంగా, ఒకే ఎత్తులో, వరసగా ఉన్నాయి. అబద్ధం ఇంత అందంగా రాయొచ్చని నాకు తెలియదు.

ఈ పుస్తకం, ఆ పుస్తకం అతుక్కుని వచ్చాయి. లోపల మాత్రం ఒకదానికొకటి పరాయివి.

జూలై 1, సోమవారం

అత్తయ్య మోకాళ్ళు వాచాయి. రేపు నన్నే వెళ్ళమన్నారు, లోపలికి కూడా. "నేను అక్కడ ఏం మాట్లాడను?" అన్నాను. "మాట్లాడేదేముంది, పుస్తకం ఇవ్వు, వచ్చెయ్" అన్నారు.

పుస్తకం ఇస్తే మేడమ్ సంతోషిస్తుంది. ఏడాది దాకా రావద్దంటుంది. మిషన్లు సొరుగులోకి వెళ్తాయి, నేను అక్క దగ్గరికి వెళ్తాను. ఎవరి మనసూ నొచ్చుకోదు.

జూలై 2, మంగళవారం

ఇంటికి రాగానే పుస్తకం తీశాను.

మేడమ్ నేననుకున్నంత పెద్దది కాదు. అలసిపోయి ఉంది, బల్ల మీద టీ చల్లారిపోయి తొరక కట్టింది. పుస్తకం తిరగేసింది. మొహం విప్పారింది. "అబ్బ! రోజూ రాశారే. ఎవరూ రాయరు. ఇలా అందరూ ఉంటే నాకెంత హాయి" అంది. కలం తీసి చీటీ మీద ఏడాది తర్వాతి తారీకు వేయబోయింది. ఆయన నా పక్క కుర్చీలో తల ఊపుతూ కూర్చున్నారు, చెవుల్లో మిషన్లతో. ఆసుపత్రి గేటు దగ్గర పెట్టుకున్నారు.

ఆ తల ఊపడం చూడలేకపోయాను.

"అవి అబద్ధాలండీ" అన్నాను.

"ఏంటమ్మా? చెయ్యి తీసి చెప్పండి, నాకే వినబడ్డం లేదు."

చెయ్యి ఎప్పుడు పెట్టానో నాకు తెలియదు. తీశాను. ఒళ్ళో పెట్టుకుని రెండో చేత్తో పట్టుకున్నాను, మళ్ళీ పైకి లేవకుండా.

"అబద్ధాలండీ. నేనే రాశాను. ఆయన పెట్టుకోవట్లేదు. షాపులో దెబ్బలు తలలో పడుతున్నాయిట. ఇంట్లో అన్నీ వినబడతాయిట, కావలసింది తప్ప. మీరు నొచ్చుకుంటారని బాగుందని రాయమన్నారు."

ఆయన కుర్చీలో ముందుకి వంగి నా వంక చూస్తున్నారు. నా పన్ను వంక కాదు. మాట వంక.

"మళ్ళీ అను" అన్నారు.

మళ్ళీ అన్నాను. మొత్తం. ఆయన పెదాలు నా పెదాలతో పాటు కదులుతున్నాయి.

"వినబడింది" అన్నారు మేడమ్‌తో, దొంగతనం బయటపడ్డవాడిలా. "తను అన్నదంతా. అవును, నేనే రాయమన్నాను."

మేడమ్ తిట్టలేదు. మిషన్‌కి వైరు తగిలించి కంప్యూటర్ చూసింది. నవ్వింది. ఎన్ని గంటలు పెట్టుకున్నారో మిషన్ తన లోపల తనే రాసుకుంటుందిట. నాలుగు వారాల్లో పదకొండు గంటలు. మూడో పుస్తకం కూడా ఒకటుందన్నమాట! అది మాత్రం ఎవరు చెప్పినా బాగుందని రాయదు.

"షాపుకి మిషన్ పెట్టుకెళ్ళొద్దని చెప్పానుగా? అక్కడ తీసేసి చెవులకి మూతలు పెట్టుకోమన్నానుగా? ఇంట్లో మొదటి వారం గంట, తర్వాత రెండు గంటలు అని..." అంటూ ఆగిపోయింది. "ఎలా చెప్పాను నేను? రాసుకుంటూ చెప్పానా?"

నేను తల ఊపాను. తలుపు అద్దంలోంచి చూశానుగా.

ఆవిడ కలం కింద పెట్టేసింది. "వినబడని మనిషికి తల వంచుకుని చెప్పి పంపించాను. బయట నలభై మంది ఉంటారమ్మా రోజూ. అయినా తప్పే" అంది. ఆసుపత్రిలో ఒకరు తప్పే అనడం నేను మొదటిసారి విన్నాను.

తర్వాత ఒక కాగితం తన నోటికి అడ్డం పెట్టుకుని పది మాటలు చెప్పింది. ఆయన నాలుగు చెప్పగలిగారు. కాగితం తీసి ఇంకో పది చెప్పింది. తొమ్మిది.

"చూశారా అమ్మా? మీ ఆయన సగం చెవులతో, సగం కళ్ళతో వింటారు. ఎవరూ నేర్పలేదు, ఆ మోతలో ఆయనే నేర్చుకున్నారు. ఆయనకి పోయినవి సన్నటి శబ్దాలు. అత్తగారిది మోటు గొంతు, దొరుకుతుంది. మీది సన్నం. ఆ పైన చెయ్యి అడ్డం."

షాపు గుర్తొచ్చింది. మూతులు చూసుకుని మాట్లాడుకోవడం. సిగ్గు లేకుండా అని రాసుకున్నాను నేను.

పెళ్ళయిన ఈ ఎనిమిది నెలలుగా ఈ లోకంలో ఆయన వినలేని మనిషి నేనొక్కదాన్నే. నా చెయ్యే.

మిషన్ సరిచేయడానికి చాలాసేపు పట్టింది. గిన్నెల చప్పుడు తగ్గించింది. నన్ను మాట్లాడమంది, ఏదైనా. నాకేం తోచలేదు. బస్సు ఎన్నింటికి, కూరలు ఏం తేవాలి, అత్తయ్య మోకాళ్ళు, అదే చెబుతూ కూర్చున్నాను. నేను చెబుతుంటే ఆవిడ మీట నొక్కడం, ఆయన "ఇప్పుడు బాగుంది", "ఇప్పుడు గరగర" అనడం. ఒకచోట ఆయన చెయ్యెత్తి, "ఆపండి. ఇదే. ఇదే ఉంచండి" అన్నారు.

కొత్త చీటీ మీద మూడు వారాల తర్వాతి తారీకు వేసింది, ఏడాది కాదు.

బయట వరండాలో అదే బల్ల మీద కూర్చున్నాం. నేను వెలుతురు వైపు తిరిగి కూర్చున్నాను.

"రేపు అక్క దగ్గరికి వెళ్తానంటే అలాగే అన్నారు" అన్నాను.

"నాతో ఎప్పుడన్నావ్?"

"అద్దం దగ్గర. తల దువ్వుకుంటున్నప్పుడు."

"ఏదో అంటున్నావని తెలిసింది. ఏమిటో తెలియలేదు. తెలియనప్పుడల్లా అలాగే అంటాను. అమ్మతో అంతే, అందరితో అంతే. రెండోసారి అడిగితే మొహాలు మాడ్చుకుంటారు."

"మరి సంచి ఎందుకు బాగు చేశారు?"

"వెళ్తున్నావని అమ్మ చెప్పింది. దారిలో పిడి తెగితే ఇబ్బంది పడతావని."

"ఆపొచ్చుగా?"

"ఏమని ఆపను? నాతో మాట్లాడాల్సి వస్తే చాలు, మూతి మూసేసుకుంటావు. చెవిటి మొగుడితో మాట్లాడ్డం నీకు ఇష్టం లేదనుకున్నాను. ఇష్టం లేని మనిషిని ఎలా కట్టి పడేయను?"

నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది. చెయ్యి పైకి లేచింది. ఆయన మధ్యలోనే పట్టుకున్నారు. ఎదురుగా వరసలో నలభై మంది కూర్చుని ఉన్నారు. పట్టుకునే ఉన్నారు.

ఈ పుస్తకం సంగతి కూడా మేడమ్‌కి చెప్పాను. అతుక్కుని వచ్చిందని, రాసేశానని. "ఉంచుకోండమ్మా, నిజం రాసిందాన్ని నేనేం చేసుకోను" అంది.

జూలై 3, బుధవారం

బస్సు వెళ్ళిపోయింది. సంచి అటక మీద ఉంది. అక్కకి ఫోన్ చేసి రానన్నాను. "ఏమయిందే?" అంది. "వినబడింది" అన్నాను. దానికేం అర్థం కాలేదు.

జూలై 5, శుక్రవారం

మొన్న ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు మేడమ్ ఒక పని అప్పగించింది. ఆవిడ దగ్గర ఒక అచ్చు కాగితం ఉంది, అన్నీ పెద్ద పెద్ద మాటలు. ఎవరూ చదవరుట. "మీ అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. మీ మాటల్లో రాసి తెండి. మిషన్ తీసుకున్న ప్రతి ఇంటికీ ఇస్తాను" అంది. ఆరో తరగతి దాన్నండీ అన్నాను. అందుకే అడుగుతున్నానంది.

ముగ్గురం కూర్చుని రాశాం. నేను రాసింది ఏమిటంటే, ముందు ఆయన చూసేదాకా ఆగాలి, వెలుతురు మన మొహం మీద పడాలి, అరవక్కర్లేదు, ఒకసారి తెలియకపోతే అదే మాట పదిసార్లు కాకుండా ఇంకోలా చెప్పాలి.

"వీపు మీద ఒకటి వేయాలని రాయవే" అన్నారు అత్తయ్య.

"భుజం తట్టాలి అని రాస్తానత్తయ్యా."

"తడితే వింటాడా వీడు? రాసుకో మరి, చదువుకున్నదానివి."

నేను రాయడం అయ్యాక ఆయన వేలు పెట్టి కింద ఖాళీ చూపించారు. "ఇక్కడ ఒకటి రాయి. ఏమన్నావని అడిగితే, 'ఏం లేదులే' అని మాత్రం అనకూడదు."

అత్తయ్య ఆయన వంక చూశారు.

"అందరూ నవ్వుతారు. ఏంటి అంటాను. ఏం లేదులే అంటారు. అదొక్కటే నాకు బాగా వినబడేది" అన్నారు.

అత్తయ్య లేచి లోపలికి వెళ్ళిపోయారు. కాసేపటికి వచ్చి, ఆయన ఎదురుగా కూర్చుని, వీపు మీద కొట్టకుండా, భుజం మీద చెయ్యి వేశారు. ఏమీ అనలేదు. ఆవిడకి మెల్లగా మాట్లాడ్డం ఇంకా రాదు.

ఆ మాట అన్నిటికంటే పైన రాశాను, పెద్ద అక్షరాలతో.

జూలై 7, ఆదివారం

అంతా చక్కబడిందని రాస్తే మళ్ళీ మొదటి పుస్తకం అవుతుంది. నిన్న బజారులో ఆయనకి ఏమీ వినబడలేదు, విసుక్కున్నారు. సాయంత్రానికి తల నొప్పని మిషన్లు తీసేస్తారు. నా చెయ్యి రోజుకి వందసార్లు పైకి లేస్తుంది, తొంభైసార్లు దించుకుంటాను. షాపులో చెవి మూతలు పెట్టుకుంటే మిగతావాళ్ళు రాజుగారి కిరీటం అని వెక్కిరించారుట. మేస్త్రీ మాత్రం ఒక జత తనకీ కావాలన్నాడుట.

మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని బడిలో పాఠం సంగతి ఆయనకి చెప్పాను. వేలు, నవ్వులు, పుస్తకం అడ్డం పెట్టుకోవడం, అంతా. ఆయన నవ్వలేదు. అయ్యో అని కూడా అనలేదు. "ఆ మిగతా పాఠం ఇప్పుడు చదువు. నేను వింటాను" అన్నారు.

ఆ పాఠం ఇప్పుడెక్కడ దొరుకుతుంది? మా ఇంట్లో పుస్తకాలంటే ఇదొక్కటే.

చాలాసేపు ఆలోచించి తెచ్చాను. ఆసుపత్రిలో ఇచ్చిన పుస్తకానికి ఇంకో పుస్తకం అతుక్కుని వచ్చింది, అని మొదలుపెట్టాను. ఒక వాక్యం చూసుకోవడం, తలెత్తి ఆయనకి చెప్పడం. ఇలా చదివితే ఎన్నాళ్ళకి అవుతుందో.

కుళాయికి ఉన్న అదృష్టం నాకు లేదు అన్న చోట చెయ్యెత్తి ఆపారు.

"మళ్ళీ చదువు" అన్నారు.

"వినబడలేదా?"

"వినబడింది. అందుకే."